గళ్ల గుడ్డ మీద గీత నేర్పిన పంతులు

మా లెక్కల పంతులు పోయారని నకిరేకల్ నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. తొంభై దాటిన మనిషి. నాకు ఏడుపు రాలేదు. ఆయన దగ్గర చదువుకున్నానన్న గర్వమే ముందొచ్చింది.

రజాకార్ల గొడవల్లో మా బడి కాలిపోయిన ఏడాది, ఆయన ఒక నేతగాని ఇంట్లో పాఠం మొదలుపెట్టారు. గ్రాఫు కాగితం దొరకని రోజులు. మగ్గం నుంచి దించిన గళ్ల గుడ్డను గోడకు బిగించి, అడ్డగీత ఎక్స్ అక్షం, నిలువుగీత వై అక్షం అన్నారు. ఆయన చదివింది ఉర్దూలో. మాకోసం ప్రతి మాటకూ తెలుగు వెతికేవారు. గీత అక్షాలను తాకే చోట్లు అంతరఖండాలు, అది ఎక్కే దిగే తీరు వాలు. ఆ చోట్ల సూదులు గుచ్చి, మధ్యన ఎర్రదారం లాగేవారు.

"గీతకు రెండు సుక్కలు సాలు బిడ్డా. మూడోది మన తప్పు మనం పట్టుకునేతందుకు" అనేవారు. తప్పు చేస్తే కొట్టేవారు కాదు, మూడో చుక్క పెట్టమనేవారు.

పోలీసు చర్య తర్వాత సైనికులు కమ్యూనిస్టు దళాల కోసం ఊరూరా వెతికారు. పంతులుగారి సంచిలో నేను గీసిన కాగితం దొరికింది. గళ్లు, చుక్కలు, ఏటవాలు గీత. దళం దారి చూపే పటమనుకుని ఆయన్ను క్యాంపుకు తీసుకుపోయారు. అలా పోయినవాళ్లలో చాలామంది తిరిగిరాని రోజులవి.

బాపు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. అది లెక్క అనీ, గీసింది తన బిడ్డ అనీ చెప్పాడు. క్యాంపు అధికారి నమ్మలేదు. పదమూడేళ్ల ఆడపిల్లను నేను. పంతులు నోరు మెదపకూడదని హెచ్చరించి, అధికారే నా చేతికి సుద్దముక్క ఇచ్చి లెక్క చెప్పాడు: మూడు ఎక్స్, రెండు వై కలిపితే పన్నెండు.

గచ్చు మీద గళ్లు గీశాను. ఎక్స్ సున్నా అయితే వై ఆరు. వై సున్నా అయితే ఎక్స్ నాలుగు. రెండు చుక్కలూ కలిపాను. అంతటితో ఆగకుండా ఆరు దగ్గర వేలు పెట్టి రెండు గళ్లు కుడికి, మూడు గళ్లు కిందికి జరిపాను. గీత మీదే పడింది. మళ్లీ అంతే జరిపితే సరిగ్గా నాలుగు దగ్గరికి దిగింది.

అధికారి వంగి చూశాడు. ఎవరు నేర్పారని అడిగితే పంతులుగారిని చూపించాను. అధికారి పంతులుగారి చేతులకున్న కట్లు విప్పించాడు.

బయటికొచ్చాక, వాచిన పెదవితోనే పంతులుగారు అడిగారు. "వాలు గూడ ఎందుకు సూపిచ్చినవ్? వాళ్లు అడగలే గద."

"మూడో సుక్క పెట్టాలని మీరే చెప్తిరి గద సారూ" అన్నాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేనూ లెక్కలే చెప్పాను. ఎన్ని బళ్లు మారినా నాకు గుర్తుండేది ఆ రోజు మా ఊరి పొలిమేరే. పంతులుగారు అక్కడ ఆగి, తన తలపాగా విప్పి నా తలకు చుట్టారు. బాపూ ఆయనా వెనక నడిచారు. కళ్ల మీదికి జారే ఆ తెల్లగుడ్డను చేత్తో పైకి నెట్టుకుంటూ, నేను ముందు నడిచాను.