నారుమడి మీద కట్టిన టేపు

మా బావమరిది చేసిన టేపు సంగీతం రేడియోలో వేస్తారటండీ! మా అమ్మాయి చేత్తో అతికించి పంపిన టేపే! నిన్న ఉత్తరం వచ్చింది. చదివి గంతులేసినంత పని చేశాను. మరుక్షణం కూలబడ్డాను. వినవలసిన మా బావమరిదే పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు.

నేను అంగలకుదురు రైతుని. చదువు అయిదో తరగతితో సరి, తప్పులుంటే మన్నించండి. మావాడు తెనాలిలో రేడియోలు బాగుచేసేవాడు. పని అయ్యాక రెండు చక్రాల స్పూలు టేపు రికార్డరు భుజాన వేసుకుపోయి మిల్లు చప్పుడు, రేపల్లె రైలు కూత, అడవులదీవిలో పడవ లాగేవాళ్ల కేకలు పట్టుకొచ్చేవాడు. ఆ టేపుని బ్లేడుతో కోసి, ముందువి వెనకా వెనకవి ముందూ అతికించి, అదే సంగీతమనేవాడు.

బాపట్లలో ఓ కాలేజీ హాల్లో వినిపించాడు. అంతా అయ్యాక ముందు వరసలో పెద్దాయన లేచి, "మిషను బాగయ్యాక పాట మొదలెడతారాండీ?" అన్నాడు. "అయిపోయిందండి బాబాయిగారూ" అన్నాడు మావాడు. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో, "నువ్వు కూడానా బావా?" అని మాత్రం అడిగాడు.

కోసిన ముక్కల్ని మా పెరట్లో తీగ మీద ఆరేసేవాడు. ఏది ఏ ముక్కో మా అమ్మాయికే తెలుసు. ఓ తొలకరిలో నారుమడి మీద పిచ్చుకలు వాలుతున్నాయి. ఎండకి తళతళలాడే ఆ టేపులు పనికిరానివే కదా అనుకుని, తీసుకెళ్లి మడి చుట్టూ పుల్లలకి కట్టాను. ఒక్క పిట్ట వాలలేదు. పొంగిపోయాను. సాయంత్రం వాన కొట్టింది.

ఆ టేపులో ఉన్నది మావాడి తల్లి గొంతండి. మజ్జిగ చిలుకుతూ పాడుకున్న పాట. ఆవిడ ఆ యేడే పోయింది. ఇంకో టేపు లేదు. బురదలో కూచుని మావాడూ మా అమ్మాయీ ముక్కలు ఏరుకుంటుంటే గట్టు మీద నిలబడిపోయాను.

"తుడిస్తే వస్తుందిలే మావయ్యా" అంది మా అమ్మాయి.

వాడు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అక్కతో అనకు బావా. మళ్లీ ఏడుస్తుంది" అన్నాడు. మా ఆవిడ ఆ రోజు ఊళ్లో లేదు. ముగ్గురం ఆ మాట ఆవిడ దాకా పోనివ్వలేదు. ఆ తర్వాత మూడు నెలలు వాడు మా గడప తొక్కలేదు. ఓ మధ్యాహ్నం "అన్నం పెట్టక్కా, ఆకలేస్తంది" అంటూ వచ్చాడు. తప్పయిపోయిందని నేను అననే లేదు.

ఎంత తుడిచినా గరగర పోలేదు. వాడు దాన్ని అలాగే సంగీతంలో కలిపాడు. మంచాన పడ్డాక, "నా చెయ్యి ఒణుకుద్ది, కడపటి అతుకులు నువ్వెయ్యవే" అని మా అమ్మాయికి బ్లేడు ఇచ్చాడు. ఇప్పుడు వింటే మా అత్తగారు వానలో కూచుని పాడుతున్నట్టే ఉంటుంది.

ఇక అందరికీ చెప్పాలి. రేపల్లె పెదమావయ్యగారికి చెప్పాలి. చెవుడు, రేడియో దగ్గరగా పెట్టాలి. బాపట్ల పిన్నిగారికి. మావాడికి పిచ్చి ముదిరిందన్న మా తోడల్లుడికి రెండుసార్లు చెప్పాలి. తర్వాత మా ఆవిడకి; తమ్ముడి కర్మలకని రేపల్లె పుట్టింటికి వెళ్లి ఇంకా అక్కడే ఉంది. వాళ్లమ్మ పాట వస్తుందని చెప్పాలి. మధ్యలో ఆ గరగరేంటని అడుగుతుంది. అదీ చెప్పాలి.