చాయ్‌లో విరగని బిస్కెట్లు

మొన్న బేకరీ ముందునుంచి పోతుంటే యాలకులు, వేడి డాల్డా కలిసిన వాసన తగిలి, కూరగాయల సంచితో సహా నిలబడిపోయాను. డెబ్బైల చివర మా వరంగల్లులో బిస్కెట్లు కొనుక్కునేవి కావు, కాల్పించుకునేవి. మైదా, చక్కెర, డాల్డా ఇంట్లో కలిపి, ముద్దను డబ్బాలో మోసుకుపోతే, భట్టీలో రేకుల మీద పేర్చి కాల్చి ఇచ్చేవాళ్లు. పాఠాలు బట్టీ పట్టడంలో వెనకబడిన నేను, భట్టీ పనికి మాత్రం ముందుండేదాన్ని.

ఆ ఎండాకాలం పక్కింటి లక్ష్మత్త బిడ్డకు పుట్టిన కొడుకును తొట్టెలలో వేసే వేడుక. పరకాల నుంచి వియ్యాలవారు వస్తున్నారు. పెళ్లిలో చాయ్ చల్లగా ఉందని వియ్యపురాలు నలుగురిలో అన్న మాట లక్ష్మత్తకు ఇంకా గొంతు దిగలేదు. ఈసారి చాయ్‌తో పాటు బిస్కెట్లు పెట్టి తీరాలని ఆ పని నాకూ, నా దోస్తు సరోజకూ అప్పజెప్పింది. సరోజవాళ్లది మగ్గాల ఇల్లు. వాళ్ల అవ్వకు పాతకాలపు కొలతలన్నీ నోటికి వచ్చు. డాల్డాను కరిగించకుండా చేత్తోనే నురగ వచ్చేదాకా గిలకొట్టాలంది అవ్వ. చేతులు పీకి, నేను పొయ్యి మీద కరిగించేశాను. మైదా పోస్తే ముద్ద కాలేదు, దోసెపిండి అయింది.

"ఫికర్ చెయ్యకే, మా ఇంట్ల పిండున్నది" అని సరోజ ఉరికి, గిన్నెడు తెచ్చి కలిపింది.

భట్టీ తాత, కాలిన బిస్కెట్టును రేకుకు టకటక కొట్టి, "ఇవి బిస్కెట్లా, గూనపెంకలా బిడ్డా?" అన్నాడు. సరోజ తెచ్చింది నూలుకు గంజి పెట్టే పిండి అనీ, అందులో చింతగింజల పొడి ఉందనీ ఇంటికొచ్చాక అవ్వ చెప్పింది.

లక్ష్మత్త ఒకటి కొరికి చెంప పట్టుకుంది. "మల్లొక మాట పడేటట్టు చేస్తిరి గదనే!"

అప్పటికే వాకిట్లో జీపు ఆగింది.

వియ్యపురాలు బిస్కెట్టును చాయ్‌లో ముంచి, మాటల్లో పడి మరిచిపోయింది. తలుపు వెనక నుంచి మేమిద్దరం తొంగిచూశాం. పైకి తీస్తే విరగలేదు, మెత్తబడి మొత్తంగా వచ్చింది.

"వదినా, మా దిక్కు బిస్కెట్లు ముంచంగనే సగం అడుక్కు పోతయి. గివి మంచిగున్నయి. జర నాలుగు కట్టియ్యి."

"మాది పాతకాలం పద్ధతి వదినా" అంది లక్ష్మత్త, మావైపు చూడకుండా కొంగు సర్దుకుని.

ఆ భట్టీ ఇప్పుడు లేదు. సరోజవాళ్ల మగ్గాల గదిలో అద్దెకున్నవాళ్ల స్కూటర్లుంటాయి. నిరుడు పక్కింటి పిల్ల పుట్టినరోజుకు మేమిద్దరం అవ్వ కొలతలతోనే, డాల్డా కరిగించకుండా, ఓవెన్‌లో చేశాం. చక్కగా పొంగాయి. రుచి చూద్దామని చాయ్‌లో ముంచితే, సగం కప్పులో పడిపోయింది.

సరోజ చెంచా అందిస్తూ అంది: "గంజి తక్కువైందే."