ఆరిపోయిన ఎర్రలైటు

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వర్క్‌షాపుకు సర్వీస్ మేనేజరుగా మార్చారు. వచ్చిన ప్రతి కారునూ ముందు నేనే చూసేవాణ్ణి. కుర్రాళ్లు చాటున చాదస్తం అనుకునేవారు. అనుకోనివ్వండి!

ఒక ఉదయం ముదినేపల్లి వైపు చేపల చెరువుల రైతు సుబ్బారావుగారు కారు కడిగించుకోవడానికి వచ్చారు. గూడెంలో అత్తవారింట ఉన్న కూతుర్ని తొలికాన్పుకి ఇంటికి తీసుకెళ్లాలి. వర్జ్యం రాకముందే అక్కడ గడప దాటించాలి.

“మొన్నటిదాకా బ్రేకు లైటు వెలిగేదండీ. చెరువుగట్టు మలుపుల్లోనే వెలిగేది, తిన్నగా పోతే ఆరిపోయేది. ఇప్పుడసలు రావట్లేదండీ,” అన్నారు సంబరంగా.

మలుపుల్లోనేనా! నాకు ఆసక్తి పుట్టింది. డ్యాష్‌బోర్డు మీది ఆ ఎర్రలైటు హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్నా వెలుగుతుంది, బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. బోనెట్ కింద ఉండే డబ్బాలో ఆ ఆయిల్ తగ్గితే మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, లైటు మిణుకుమంటుంది. ఆయన సరిగ్గానే గమనించారు. మరి ఆరిందెలా?

బోనెట్ ఎత్తాను. డబ్బా నిండుగా ఉంది. మూత విప్పితే దాని లోపలి రబ్బరు ఉబ్బిపోయి ఉంది, మళ్లీ బిగించబోతే మూత కూర్చోలేదు.

“ఇందులో ఏం పోశారండీ?”

“ఆయిలేనండీ. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ ఉంది కదండీ, దాని గేర్‌బాక్సుకి తెచ్చింది మిగిలితేనూ...”

ఓరి నాయనో! బ్రేకుల్లో పోసేది వేరే ద్రవం. గేర్ ఆయిల్ తగిలితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పట్టు వదిలేస్తాయి. ఇంజన్ స్టార్ట్ చేసి బ్రేకు పెడల్ నొక్కి పట్టాను. అది మెల్లగా అడుక్కి దిగిపోయింది, బ్రేకు పట్టడం లేదు. అటూ ఇటూ చెరువులున్న గట్టు మీద, కడుపుతో ఉన్న పిల్లతో!

బండి కదలదని చెప్పాను.

“లైటు లేదు కదండీ, ఈ ఒక్కపూటకీ వదిలెయ్యండి. వియ్యాలవారి ముందు తలెత్తుకోలేను,” అని ఆయన గొంతు పెంచారు.

నాకూ తిక్కరేగింది. తాళంచెవి జేబులో వేసుకున్నాను. “చేపలు పైకి తేలి గుటకలేస్తుంటే ఏరేటర్ వేస్తారా, కనబడకుండా చెరువు మీద పట్టా కప్పుతారా?”

ఆయన గడియారం చూసుకున్నారు. తర్వాత, “టాక్సీ పిలిపించండి,” అన్నారు. వర్జ్యం రాకముందే పిల్ల గడప దాటింది, సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరింది.

చక్రాలు విప్పాక అసలు కారణం దొరికింది. బ్రేక్ ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయాయి. అవి అరిగేకొద్దీ డబ్బాలో మట్టం తగ్గుతుంది. లైటు చెప్పబోయింది అదే.

రిటైరయ్యేదాకా ఎవరు “లైటు ఆరిపోయిందండీ” అన్నా నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: “దానంతటదే ఆరిందా, మీరు ఆర్పారా?”