అలికిన బీట

1979 జూన్‌లో నన్ను జంషెడ్‌పూర్‌లో ఒక పాత స్లాగ్ గుట్ట పనికి వేశారు. కొలిమిలో ఇనుము తీశాక మిగిలే మడ్డి స్లాగ్. ఏళ్ల తరబడి పోసిన ఆ మడ్డి మీద మట్టి పరిచి గడ్డి నాటిస్తున్నారు. వాలు నిలుస్తుందో జారుతుందో చూసి రిపోర్టు రాయడం అసిస్టెంట్ ఇంజనీరుగా నా పని.

గుట్ట లోపల ఇంకా వేడి ఉండేది. వాన పడితే గుట్ట ఒళ్లంతా ఆవిరి. సిద్ధగోరా క్వార్టర్ నుంచి సైకిల్ మీద పొద్దున్నే వెళితే గడ్డి నాటే ఆడవాళ్లు కనిపించేవారు కాదు. గాజుల చప్పుడూ శ్రీకాకుళం మాటలూ ఆవిరిలోంచి వినిపించేవి. కలలో మా ఊరి పొలంలో తిరుగుతున్నట్టుండేది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను సగం నిద్రలోనే ఉద్యోగం చేశాను.

వాలు జారబోయే ముందు పై అంచున నేల బీట ఇస్తుంది. దానికి అటూ ఇటూ మేకులు కొట్టి, మధ్య దూరాన్ని రోజూ టేపుతో కొలవాలి; బీట పైకి కనిపించకపోయినా కదలిక తెలుస్తుంది. మా గుట్టకు పడ్డ బీట సన్నంగానే ఉందని నేను మేకులు కొట్టలేదు. స్కేలు పెట్టి వెడల్పు రాసుకుని ఊరుకునేవాణ్ణి. సరిగ్గా దాని కిందే రేకుల షెడ్డు; మధ్యాహ్నం పన్నెండుమంది ఆడవాళ్లు అందులో అన్నాలు తినేవారు.

ఆదివారం సెలవు, సోమవారం వాన. మంగళవారం వెళితే బీట లేదు. తడికి బంకమట్టి ఉబ్బి బీటలు పూడడం మామూలే. ‘వాలు స్థిరం’ అని రాసేశాను. కాగితం బిష్టుపూర్ ఆఫీసుకు తీసుకెళ్లబోతూ, ముఠా పెద్ద పైడమ్మతో బీట దానంతటదే పూడిందని సంబరంగా చెప్పాను. ఆవిడ నవ్వింది.

“అదెందుకు పూడుద్ది బాబూ? నానే అలికీసినాను. తవరు రోజూ దాన్నే సూసి బెంగెట్టుకుంతన్నారు గదా! రెండ్రోజుల్లో మూడుపాలి అలికినాను. పాడుది, మళ్లీ నోరు తెరుత్తానే ఉంది.”

ఇంట్లో బీట ఇచ్చిన నేలను అలక్కుండా వదలడం వాళ్ల వల్ల కాదు. పరుగున వెళ్లి చూస్తే, నేను వాన చారలనుకున్నవి ఆవిడ వేళ్ల గుర్తులు. చాకుతో గీరాను. అలుకు కింద నా చెయ్యి మణికట్టు దాకా దిగింది.

ఎవరినీ అడగకుండా పని ఆపించి, షెడ్డు ఖాళీ చేయించాను. “ముద్ద నోట్లో ఎట్టుకోనీరేటి?” అని పైడమ్మ సణుక్కుంటూనే గిన్నె పట్టుకుని అందరితో రోడ్డు మీదికి వచ్చింది.

మూడు గంటలకు వాలు జారింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తెల్లటి ఆవిరి ఒక్కసారిగా లేచి, మెల్లగా తేలిపోయింది. తరవాత చూస్తే షెడ్డు లేదు. పైడమ్మ తన చేతుల వంక చూసుకుంది. తప్పు నాదేనని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు.

ఆ తరవాత మేకులు కొట్టకుండా నేను ఏ బీటనూ కొలవలేదు. కొట్టాక కూడా, ఆ నేల మీద ఎవరు చెయ్యి వేశారో అక్కడ పనిచేసేవాళ్లని అడిగేవాణ్ణి. వాళ్ల జవాబు నా రిపోర్టులో మొదటి వాక్యంగా ఉండేది.