తడవని నాలుగు సాళ్లు

తెనాలిలో ఇల్లు, బాపట్లలో ఉద్యోగం, రేపల్లె పక్కన చేను. నా వేసవులన్నీ ఈ మూడింటి మధ్య రైళ్లలోనే గడిచిపోయాయి. చేను నాది కాదు. చెరుకుపల్లి దారిలో ఒక పెద్దాయన దగ్గర పరిశోధన కోసం తీసుకున్న కొద్దిపాటి మాగాణి. ఆఫీసుకు జీపు ఉండేది. నా చేనుకు మాత్రం అది ఎప్పుడూ ఖాళీ దొరకలేదు. ఆ సంగతి నేను మర్చిపోలేదు.

నా పని మినుములతో. ఎండ ముదిరితే మినుము పూత రాలిపోతుంది. పుప్పొడి చచ్చిపోయి కాయ కట్టదు. సూర్యలంక వైపు ఇసుక నేలల్లో ఒక పాత నాటు రకం మాత్రం అంత వేడిలోనూ పూత నిలుపుకునేది. కాకపోతే దిగుబడి తక్కువ. దాన్ని బాగా కాసే రకంతో సంకరం చేశాను. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయడం, పొద్దున్నే రెండో రకం పుప్పొడి అద్దడం, నడుము పట్టేయడం. ఎండను తట్టుకునే గుణం ఒక్క జన్యువు చేతిలో ఉండదు. తలా కాస్త సాయం చేసేవి చాలా ఉంటాయి. తర్వాతి తరాల్లో అవి ఒక్కో మొక్కకు ఒక్కో రకంగా చేరతాయి. దేనికి ఎంత వచ్చిందో ఎండే చెప్పాలి. అందుకే ఊరంతా మినుము నూర్చుకుంటున్నప్పుడు నేను విత్తాను. సాళ్లన్నిటికీ సమానంగా తడి ఇచ్చి ఆపేశాను. ఆ ఏడు ఫలితం చూపించకపోతే ఈ సంకరాన్ని పక్కన పెట్టేస్తామని మా పైఅధికారి ముందే చెప్పాడు.

సరిగ్గా పూత వేళకు బాపట్లలో రైతుమేళా వచ్చింది. అతిథులకు మజ్జిగ ప్యాకెట్లు అందించే పని నాకు పడింది. చేతులు కట్టుకుని నిలబడ్డ మగవాళ్లు అక్కడే ఉన్నారు. మేళా అయ్యాక రేపల్లె వెళ్లేసరికి చేను తడిసి ఉంది. పెద్దాయన అక్కడే ఉన్నాడు.

"నీళ్లెవరు పెట్టారు బాబాయిగారూ?"

"నేనేనమ్మా. నువ్వా రాలేదు. ఆడపిల్ల పైరు ఎండుతుంటే గుడ్లప్పగించి చూస్తున్నాడని దారిన పోయేవాళ్లంతా నన్నే అంటున్నారు."

"వేడి తగలాలనే కదండీ ఇంత ఆలస్యంగా వేసింది."

"వేడి తగలాలని పైరు వేసేవాళ్లని నిన్నే చూశాను."

తడి నేల మీద పైరుకు వేడి అంతగా తగలదు. ఏ మొక్క పుట్టుకతో తట్టుకుందో, ఏది ఆయన నీళ్లతో బతికిందో ఇక తేలదు. మూల మెరకన మాత్రం నీరెక్కక నాలుగు సాళ్లు పొడిగా మిగిలాయి. వాటికి పూత నిలిచింది, కాయ కట్టింది. పోల్చి చూడటానికి వేసిన మామూలు రకమేమో పల్లంలో హాయిగా తడిసింది.

మీటింగులో ఆ నాలుగు సాళ్ల గురించి చెప్పాను.

"దేనికంటే బాగున్నట్టు మేడం?" అన్నాడు పైఅధికారి.

ఆయన అడిగింది సబబే. అంతటితో ఆపి ఉంటే ఆయన్ని క్షమించేదాన్నేమో.

"పోనీలెండి, ఇంట్లో ఇడ్లీలకు పనికొస్తాయి" అన్నాడు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఆ గింజలు ఇడ్లీలకు వాడలేదు. వెంటపడి, విసిగించి, ఇంకో ఏడాదికి ఒప్పించాను. పైరు ఎండబెట్టడానికి ఇంకెవరూ చేను ఇవ్వరు కనక మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. తప్పయిందని ఆయన అనలేదు. పర్వాలేదని నేనూ అనలేదు. ఆ నాలుగు సాళ్ల గింజలు, పక్కనే మామూలు రకం విత్తించి, ఒక తడి పెట్టించి బయల్దేరుతుంటే, చేనుకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజను తిప్పే హ్యాండిల్ తెచ్చి నా చేతికిచ్చాడు. ఆయన మినుము అప్పటికే ఇల్లు చేరింది, ఆ హ్యాండిల్‌తో ఆయనకు వేరే పని లేదు.

"నీ దగ్గరే ఉంచుకో అమ్మా. ఇక్కడుంటే నేను ఊరుకోలేను."

ఆ ఇనుము బరువుకు బ్యాగు పట్టీ భుజాన్ని కోసింది. తెనాలి దాకా రైల్లో కూర్చోవడానికి చోటు కూడా దొరకలేదు. వేసవంతా అది మా వంటింట్లో మినప్పప్పు డబ్బా పక్కన పడి ఉంది.

పూత రోజుల్లో వెళ్లి చూశాను. నేల బీటలు తీసి ఉంది. మామూలు రకం పూత ఆ బీటల్లో రాలి ఉంది. నా మొక్కల్లో చాలావాటికి పూత కొమ్మ మీదే ఉంది. పెద్దాయన గట్టు మీద, చేనుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇటు తిరిగి చూడమని నేను పిలవలేదు.