విప్పి చూపిన మూట

ఖాసింబీది రాయచోటి. ఇక్కడ గల్ఫులో, అల్ ముంతజా పేటలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. శుక్రవారం సాయంత్రం రెండు గంటలు సెలవు. ఆ రెండు గంటలూ పార్కు బెంచీ మీద నా పక్కన కూర్చుని, ఆ ఇంటి పిల్లలు సగం వాడి పారేసిన నోటుపుస్తకంలో రాసుకునేది. ఒక్క వాక్యమూ పూర్తి కాదు. ఉల్లిపాయ, తడి చెయ్యి, మళ్ళీ ఉల్లిపాయ, హఠాత్తుగా 'నువ్వు'.

ఆ 'నువ్వు' హసీనా. అల్ సద్‌లో ఆయా. ఇద్దరూ స్నేహితులని లోకం అనుకుంటుంది. అంతకుమించిందని తెలిస్తే ఇక్కడ జైలు. ఊళ్ళో ఏమవుతుందో నేను రాయను.

నేను తిరిగిన ఊళ్ళలో పారిస్ ఒకటి. నూరేళ్ళ కిందట అక్కడ ఆడవాళ్ళనే ప్రేమించిన ఆడవాళ్ళు పుస్తకాల అంగళ్ళు పెట్టారు, ఎవరూ వేయని పుస్తకాలు అచ్చేశారు, చిత్రకారులను పిలిచి అన్నం పెట్టారు. సూటిగా చెప్పలేనిచోట వాక్యాన్ని విరిచారు. ఆ విరుపునే తర్వాత ఆధునికత అన్నారు. ఇది చెబితే ఖాసింబీ నవ్వింది.

"వాళ్ళకు అంట్లు తోమే పని ల్యాకపోయింటాది, పెద్దయ్యా."

పోయిన నెల నుంచి మేడం పనివాళ్ళ గదులు సోదా చేస్తోంది. చింపెయ్యమన్నాను.

"చింపితే నేను యాడుంటా?"

అందుకే పుస్తకాన్ని ఊరికి పంపదలచింది. అదే ఇంటి డ్రైవరు ఓబులయ్య రేపు సెలవు మీద పోతున్నాడు. ఇక్కడ ఎవరి మూటనైనా ఊరికి తీసుకుపోయేవాడు దాన్ని ఇచ్చినవాళ్ళ ముందే విప్పి చూస్తాడు. ఓబులయ్యయితే ప్రతి వస్తువునూ ఫోటో తీసి రాయచోటి వాళ్ళ గ్రూపులో పెడతాడు, రేపెవరూ ఏదో తగ్గిందనకుండా. పుస్తకాన్ని మూసినట్టే ఫోటో తీస్తాడనుకుంది ఖాసింబీ.

ఈ సాయంత్రం మా బెంచీ దగ్గరికే వచ్చి మూట విప్పాడు. ఖర్జూరం, ఫోటో. పాలపొడి, ఫోటో. పుస్తకంలో ఏమైనా దాచిందేమోనని మధ్యకు తెరిచాడు. ఫోటో.

"మూసెయ్, ఓబులయ్యా!"

"అప్పుడే పంపించేసినాలే అక్కా. వంటల పుస్తకమే గదా? మా ఇంటిదన్నా బిర్యానీ నేర్చుకుంటాది."

ఆ పేజీ నాకు తెలుసు. *నీ గడ్డం కింద నూనె కాలిన మచ్చ. అక్కడే నా పెదవి.*

గ్రూపులో జవాబు వచ్చింది. వెస్ట్ బేలో డ్రైవరుగా ఉన్న బాషాది, హసీనా తమ్ముడిది. 'ఆ మచ్చ మా అక్కది. రాసిందెవరు?'

ఓబులయ్య నవ్వు ఆగిపోయింది. పేజీ చదివాడు. ఖాసింబీని కాదు, నన్ను చూశాడు.

"పెద్దాయనా, ఇది నువ్వు రాసిందా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది: "నాది. అచ్చరం అచ్చరం నాదే. హసీనాకు ఏమీ తెల్దు. ఆ మచ్చ అందరికీ కనపడేదే."

ఓబులయ్య చేతిలో ఫోను మోగింది. బాషా.

ఆమె పుస్తకాన్ని మూటలో పెట్టి గట్టిగా ముడేసింది. చెయ్యి చాపింది.

"ఫోను ఇట్లియ్యి. పుస్తకం మాత్రం రేపు విమానం ఎక్కల్ల."