తమ్ముడి బండి బ్యాటరీ

కళ్లజోళ్ల దుకాణం ముందు గదిలో దీపాలు, నిలువుటద్దాలు, నవ్వుతూ పలకరించే అమ్మాయిలు. వెనక గదిలో ఒక సానచక్రం, ఒక కుళాయి, ఒక మనిషి. ఆ మనిషిని అందరూ అద్దాలాయన అంటారు. ఫ్రేముకు సరిపడేలా కళ్లద్దాల అంచులు అరగదియ్యడమే ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. చక్రం మీద నీళ్లు పడుతూ ఉండాలి, అద్దం వేళ్ల మధ్య తిరుగుతూ ఉండాలి. వెంట్రుకవాసి పెద్దదైతే ఫ్రేములో పట్టదు, చిన్నదైతే జారిపడుతుంది. చుట్టుపక్కల సగం మంది ఆయన అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు గానీ, ఆయన్ని చూసినవాళ్లు మాత్రం పట్టుమని పదిమంది ఉండరు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, బస్సు దొరకలేదన్నంత తేలిగ్గా, కుదరలేదండీ అనేవాడు. ఉండేది ఒక మేడమీది గదిలో. అమ్మానాన్నలు పోయాక తనకన్నా పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ణి ఆ గదిలోనే పెంచి పెద్దచేశాడు. వాడున్నన్నాళ్లూ ఆ గదిలో రెండు గొంతులు వినిపించేవి. రెండంటే రెండు కాదులెండి, ఒకటిన్నర. ఆ అర పెద్దాయనది.

రెండేళ్ల కిందట తమ్ముడికి దూరాన ఒక మిల్లులో ఉద్యోగం వచ్చింది. అక్కడ మోటారు సైకిలు పెట్టుకోడానికి చోటు లేదు. బండిని మెట్ల కింద నిలబెట్టి, తాళంచెవి అన్నయ్య చేతిలో పెట్టి, రోజూ కాసేపు స్టార్ట్ చేస్తూ ఉండు, బ్యాటరీ పడిపోకుండా ఉంటుంది అని చెప్పి బస్సెక్కాడు.

అద్దాలాయనకు బండి నడపడం రాదు. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చున్న మనిషే. అయినా తమ్ముడు చెప్పాక తిరుగేముంది? రోజూ పొద్దున్న సరిగ్గా ఏడింటికి మెట్లు దిగి వచ్చి, తాళంచెవి తిప్పి, బొటనవేలితో మీట నొక్కి, చేతి గడియారం చూస్తూ మూడు నిమిషాలు నిలబడేవాడు. తర్వాత ఆపేసి, బండిని తుడిచి, పనికి వెళ్లేవాడు. కింది వాటా పిన్నిగారు వాకిట్లోంచి చూస్తూ, "ఎక్కని గుర్రానికి రోజూ దాణా పెడుతున్నావు కదయ్యా" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆదివారం పదింటికి తమ్ముడు ఫోన్ చేసేవాడు. బండెలా ఉందన్నయ్యా అని మొదలెడితే, బ్రహ్మాండంగా ఉందిరా అని ఈయన. టైర్లలో గాలి చూశావా, చూశాను. వానకు తడవటం లేదు కదా, లేదు. సరే ఉంటానన్నయ్యా. మొత్తం రెండు నిమిషాలు. నువ్వెలా ఉన్నావన్న ప్రశ్న ఆ రెండు నిమిషాల్లో ఎప్పుడన్నా పడేది, ఎప్పుడన్నా పడేది కాదు. పడినా చెప్పుకోడానికి ఏముందని? అందుకని ఆయన బండి సంగతులే కాస్త సాగదీసి చెప్పేవాడు. ఒకసారి సీటు మీద పిల్లి పడుకుందనీ, తరిమితే ట్యాంకెక్కి కూర్చుందనీ చెప్పాడు. ఆ వారం ఫోను మూడు నిమిషాలు నడిచింది.

మూడో నెలలో ఒకనాడు మీట నొక్కితే బండి గురగురమనలేదు. టిక్కుటిక్కుమని ఊరుకుంది. ముందు వెలిగే పచ్చదీపం కూడా మినుకుమినుకుమంటోంది. అప్పగించి వెళ్లిన పసివాడికి తన చేతుల్లో జ్వరం వచ్చినంత హడలిపోయాడు అద్దాలాయన. పనికి సెలవు పెట్టి బ్యాటరీల దుకాణానికి పరిగెత్తాడు.

అక్కడి బ్యాటరీ మేస్త్రి బొటనవేళ్లు యాసిడ్ తగిలి పొట్టు లేచిపోయిన మనిషి. అంతా విన్నాడు. రోజూ ఎంతసేపు నడుపుతున్నారని అడిగాడు. మూడు నిమిషాలనీ, గడియారం చూసి మరీ ఆపుతాననీ ఈయన గర్వంగానే చెప్పాడు.

"అయితే దాన్ని చంపింది మీరే సార్" అన్నాడు మేస్త్రి నవ్వుతూ. "స్టార్ట్ చెయ్యడానికి బిందెడు కరెంటు తోడేస్తుంది. నిలబెట్టి మూడు నిమిషాలు తిప్పితే మీరు తిరిగి పోసేది గ్లాసుడు. రోజూ అలాగే తోడారు. బండి రోడ్డెక్కి ఓ అరగంటన్నా తిరిగితేనే నిండేది."

"నాకు నడపడం రాదండీ."

మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వడం మానేసి, కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న బిగించాలి. బ్యాటరీ డొక్క మీదున్న రెండు గీతల మధ్య నీళ్లుండాలి, తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి గానీ కుళాయి నీళ్లు తగలకూడదు. ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలు తెల్లగా పెచ్చుకట్టి ఇంక పనికిరావు. చిన్న చార్జరు పెట్టి నెమ్మదిగా నింపాలి, తొందరపడితే ఉడికిపోతుంది. ఇంకో మాట, వైరు ఊడదీసి ఉండగా ఇంజను మాత్రం తిప్పకండి, బల్బులన్నీ మాడిపోతాయి.

అద్దాలాయన అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. ఆ రోజు నుంచి రోజూ స్టార్ట్ చెయ్యడం మానేశాడు. పదిహేను రోజులకోసారి బ్యాటరీ విప్పి, రెండు చేతులా పట్టుకుని మేడమీదికి తెచ్చి, కిటికీ తెరిచి, దాని పక్కన చార్జరు పెట్టేవాడు. చార్జరు మీద ఎర్రదీపం వెలిగేది. అది పచ్చగా మారేదాకా ఆరేడు గంటలు పట్టేది. ఆయన దాని ఎదురుగా కూర్చుని బట్టలు ఇస్త్రీ చేసుకునేవాడు, గోళ్లు తీసుకునేవాడు. బ్యాటరీ మూతల్లోంచి సన్నగా బుసబుసమని చప్పుడొచ్చేది. గదిలో తను కాక చప్పుడు చేసేది అదొక్కటే. పచ్చదీపం వెలిగాక మీటరు పెట్టి చూసి, గోడమీది క్యాలెండర్లో ఆ తారీఖు కింద పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు అని రాసేవాడు. తన చేతిలో బ్యాటరీ ఒకసారి చచ్చి బతికిందన్న సంగతి మాత్రం తమ్ముడికి చెప్పలేదు.

మొన్న ఒక ఆదివారం ఫోనులో తమ్ముడు, మిల్లువాళ్లు క్వార్టరిచ్చారనీ, బండికి షెడ్డు కూడా ఉందనీ చెప్పాడు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకొచ్చి, వెంటనే బండి తీసుకుని బయల్దేరితే వెలుగుండగానే చేరుకోవచ్చన్నాడు.

సంతోషమేరా అన్నాడు అద్దాలాయన. అని, ఫోను పెట్టేశాక క్యాలెండరు ముందు నిలబడిపోయాడు. బండి ఉంది గనక ఫోనుంది. బండి వెళ్లాక వాడు దేనిగురించి చేస్తాడు?

ఆ వారం ఆయన ఒక అద్దాన్ని చిన్నదిగా అరగదీశాడు. అది ఫ్రేములోంచి జారి బల్లమీద పడింది. పది పన్నెండేళ్లలో అలా జరగలేదు. ఆ అద్దాన్ని చూస్తూ ఉండగానే ఆలోచన తట్టింది. మైనస్ వైరు ఊడదీసి ఉంచితే బండి కదలదు. వాడు బ్యాటరీ పడిపోయిందనుకుంటాడు. ఆదివారం బ్యాటరీల దుకాణం మూసి ఉంటుంది. చార్జరు పెట్టి నింపాలంటే సాయంత్రమవుతుంది, రాత్రికి వాడు ఉండిపోక తప్పదు. ఒక్క రాత్రి. అంతకన్నా ఏం కావాలి? ఆయన వెళ్లి ఒక కొత్త దిండు కొన్నాడు.

తమ్ముడు అనుకున్నట్టే వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. ఇద్దరూ టీ తాగారు. మిల్లులో పని గురించి వాడు నాలుగు మాటలు చెప్పాడు. కొత్త దిండు చూశాడో లేదో తెలియదు. గడియారం చూసి లేచాడు.

కింద బండి అద్దంలా మెరుస్తోంది. తమ్ముడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, కొత్తదానిలా ఉంచావే అన్నాడు. తాళంచెవి తిప్పాడు. దీపం వెలగలేదు. మీట నొక్కాడు. చప్పుడు లేదు.

అద్దాలాయన నేర్చుకుని పెట్టుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి. అయ్యో, చార్జింగ్ పెట్టాలేమోరా, సాయంత్రందాకా పడుతుంది, పోనీ ఈ రాత్రికి ఉండిపో. అవి బయటికి వచ్చేలోపు తమ్ముడు, "పోయిందా, ఏం ఫర్వాలేదులే" అంటూ కుడిపక్కన మడిచి ఉన్న ఇనపకడ్డీని కాలితో బయటికి లాగి, దాని మీద లేచి ఒక్క తన్ను తన్నాడు. రెండో తన్నుకు బండి గుర్రుమంది.

రెండేళ్లుగా అద్దాలాయన ఆ కడ్డీని రోజూ తుడుస్తున్నాడు. అది కాలు పెట్టుకోడానికనుకున్నాడు.

తమ్ముడు బ్యాగు తగిలించుకుని, యాక్సిలరేటరు సుతారంగా తిప్పి చూశాడు. దార్లో చీకటి పడితే దీపం వేస్తాడు. మేస్త్రి అన్నట్టు అప్పటికి బల్బు మాడిపోయి ఉంటుంది. లారీలు తిరిగే రోడ్డు. పెద్దాయన రెండడుగులు ముందుకేసి, తమ్ముడి చేతి మీదుగా తాళంచెవి తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది.

"వైరు నేనే ఊడదీశానురా" అన్నాడు. "బ్యాటరీ నిండుగానే ఉంది."

తమ్ముడు బండి దిగాడు. పక్క మూత తీసి చూశాడు. ఊడిన వైరు చివర ఇన్సులేషన్ టేపు చుట్టి, ఎక్కడా తగలకుండా నీటుగా వంచి పెట్టి ఉంది. వాడు ఆ టేపును వేలితో తడిమాడు. స్పానర్ అడిగితే అన్నయ్య జేబులోంచి తీసి ఇచ్చాడు.

"అడిగితే సరిపోయేది కదన్నయ్యా."

"అడిగితే ఉండేవాడివా?"

తమ్ముడు నట్టు బిగిస్తూ ఆలోచించాడు. అబద్ధమాడటానికి వాడికి మంచి అవకాశమే. కానీ ఆడలేదు.

"ఏమో. రేపు ఆరింటికి షిఫ్టు."

"సరే మరి."

"నువ్వెప్పుడూ బాగానే ఉన్నానంటావు కదా, అదే నిజమనుకున్నాను."

"బాగానే ఉన్నాన్రా. సాయంత్రాలే..." అని, మిగతాది ఎలా చెప్పాలో తెలియక, సీటు మీద లేని దుమ్మును చేత్తో దులిపాడు.

ఈసారి మీట నొక్కగానే స్టార్టయింది. తమ్ముడు వెంటనే కదల్లేదు. ఇంజను వేడెక్కనీ అన్నాడు. అవును, వేడెక్కాలి అన్నాడు పెద్దాయన. వేడెక్కడానికి అంతసేపు అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అయినా నిలబడ్డారు, ఒకడు బండి మీద, ఒకడు పక్కన, ఇంజను చప్పుడు మాట్లాడుతుంటే తాము మాట్లాడక్కర్లేనట్టు.

"సాయంత్రాలు ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి" అన్నాడు తమ్ముడు చివరికి.

"ఏం మాట్లాడను?"

తమ్ముడు ఆయన భుజం మీద ఒకసారి చెయ్యేసి, తీసి, గేరు వేశాడు. బండి సందు మలుపు తిరిగింది. పిన్నిగారు వాకిట్లోంచి ఏదో అడిగింది. అద్దాలాయన వినిపించుకోలేదు. మెట్ల కింద ఖాళీ అయిన చోట నిలబడి, సాయంత్రానికి చెప్పడానికి ఏదన్నా ఒక్క మాట దొరుకుతుందేమోనని వెతుక్కుంటున్నాడు.